కాంటా నైట్ డ్యూటీలో ఉండి ఎన్‌బీఏ సీజన్ చూడటం ఎలా

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లారీల కాంటా దగ్గర నాది నైట్ డ్యూటీ. ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ గురించి మాట్లాడటానికి ఊళ్లో నాకు ఇద్దరే దొరికారు. వాళ్లూ "టీమ్‌కు 82 మ్యాచ్‌లా, ఎవడు చూస్తాడన్నా" అని మధ్యలో వదిలేసినవాళ్లే. అన్నీ చూడాలనుకుంటే ఎవరైనా వదిలేస్తారు.

ముందు మీ డ్యూటీ టైమ్ చూసుకుని టీమ్‌ను పట్టుకోండి. బోస్టన్, న్యూయార్క్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ అక్టోబర్‌లో మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు పడుతుంది. కాలిఫోర్నియాలో అదే ఏడంటే మనకు పొద్దున ఏడున్నర. నేను ఆరింటికి డ్యూటీ దిగి, స్నానం చేసి, టిఫిన్ ప్లేటుతో కూర్చోవచ్చు. అక్కడి టీమ్ గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు అభిమానినైంది స్టార్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ కోసమని అందరికీ చెప్తాను గానీ, అసలు సంగతి ఇదీ.

నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకు మ్యాచ్‌లు గంట ఆలస్యం. మొదటి ఏడాది ఇది తెలియక, ఒక సెలవు రోజు న్యూయార్క్ మ్యాచ్ కోసం నాలుగున్నరకే లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఒక కన్ను తెరిచి, "ఆటా లేదు, నిద్రా లేదు" అని అటు తిరిగి పడుకుంది. ఇంకోటి, అక్కడి శుక్రవారం రాత్రి మ్యాచ్ మనకు శనివారం పొద్దున.

అలారం పెట్టే ముందు గాయాల జాబితా చూడండి. వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే పెద్ద ఆటగాళ్లకు ఒకదాంట్లో విశ్రాంతి ఇవ్వడం మామూలే. 48 నిమిషాల ఆట రెండు గంటల పైనే సాగుతుంది. తీరిక లేకపోతే నాలుగో క్వార్టర్, అంటే చివరి 12 నిమిషాల ఆట ఒక్కటి చూడండి, చాలు.

మిగతా రోజుల్లో పాయింట్ల పట్టిక చూస్తే సరిపోతుంది. అందులో 'గేమ్స్ బిహైండ్' అని ఒక గడి ఉంటుంది. పై టీమ్ 40 గెలిచి 20 ఓడింది, మనది 37 గెలిచి 23 ఓడింది అనుకోండి. గెలుపుల్లో తేడా మూడు, ఓటముల్లో మూడు, కలిపితే ఆరు, అందులో సగం మూడు. అంటే మూడు మ్యాచ్‌లు వెనకున్నట్టు. లోడు బరువులోంచి ఖాళీ లారీ బరువు రోజూ తీసేసేవాడికి ఇదొక లెక్కా! లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు కాన్ఫరెన్స్‌లు, ఒక్కోదాంట్లో 15 టీమ్‌లు. మొదటి ఆరు నేరుగా ప్లేఆఫ్స్‌కు, అంటే కప్పు కోసం ఆడే నాకౌట్ దశకు పోతాయి, ఏడు నుంచి పది దాకా మిగిలిన రెండు చోట్ల కోసం ప్లే-ఇన్ మ్యాచ్‌లు ఆడాలి. మార్చిలో నా కళ్లు ఆరో స్థానం మీదా, పదో స్థానం మీదా ఉంటాయి.

ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్, యాసంగి వడ్లు ఒకేసారి దిగుతాయి. అప్పుడు సెలవు అడగొద్దు, ఇవ్వరు. జూన్ ఫైనల్స్‌కు దాచుకోండి, అదీ చివరి మ్యాచ్‌లకు. 2015-16లో వారియర్స్ 73 గెలిచి తొమ్మిదే ఓడారు. ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు, అందులో 3-1 ఆధిక్యంలో ఉండి కూడా క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయారు. ఏడో మ్యాచ్ ఉంటుందో లేదో ఆరోది అయ్యేదాకా తెలియదు. అందుకే సెలవు చీటీలో తారీఖు ఖాళీగా వదిలి, సూపర్‌వైజర్ సంతకం మాత్రం మే నెలలోనే పెట్టించుకుంటాను.