సీరియల్ లైట్ల మీద ఎదురింటి నుంచి ఫిర్యాదు వస్తే

“అక్కా, కణ్ణు కూసుదు” అంది ఎదురింటమ్మాయి. మద్రాసు పెరంబూర్‌లో కాపురం పెట్టి ఇరవై రెండేళ్ళయింది, ఆ తమిళం నాకు అర్థం కాకేం కాదు. మీ లైట్లకి కళ్ళు జిగేల్మంటున్నాయి అని. కానీ అడిగింది కూరగాయల బండి దగ్గర, నలుగురి ముందు. నాకు చురుక్కుమంది. “పండగ కదమ్మా, నాలుగు రోజులేగా” అనేసి, కొత్తిమీర కట్ట సంచీలో పడేసుకుని వచ్చేశాను.

మీరు మాత్రం ఆ మాట అనకండి. మొదటిది, అది అబద్ధం. మద్రాసులో తెలుగువాళ్ళింటి లైట్లు నాలుగు రోజుల్లో దిగవు. దీపావళికి కడతాం. మర్నాటి నుంచే మనకి కార్తీక మాసం. ఆ వెనకే ఇక్కడివాళ్ళ కార్తిగై దీపం. ఇంకెంతలే అనుకుంటే క్రిస్మస్, జనవరి ఒకటి, ఆపైన సంక్రాంతి. మా ఇంట్లో భోగి మంట చూడకుండా సీరియల్ సెట్ దిగిన ఏడాది లేదు. రెండోది, మనం “పండగ” అనేశాక అవతలివాళ్ళు ఇంకేం మాట్లాడతారు? నోరు మూసుకుని లోపల ఉడుకుతారు. ఆ ఉడుకు ఇంకో రోజు నీళ్ళ మోటార్ దగ్గరో, బండి పార్కింగ్ దగ్గరో బయటపడుతుంది.

అక్కడికక్కడ అడగాల్సినవి రెండే: “ఏ గదిలో పడుతోందమ్మా? మీరు ఎన్నింటికి పడుకుంటారు?” నేను ఒక రోజు ఆలస్యంగా అడిగాను, చేతిలో నాలుగు కజ్జికాయలతో వాళ్ళింటికి వెళ్ళి. వాళ్ళాయన ఎంటీసీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామున నాలుగు లోపల డిపోలో ఉండాలి, అంటే రాత్రి తొమ్మిదికి పడక. పడుకునేది వీధి వైపు గదిలో. ఇరవై రెండేళ్ళలో నాకు ఈ సంగతి తెలియదు.

వీలైతే రాత్రిపూట వాళ్ళ గదిలో నిలబడి మీ లైట్లు చూడండి. మిగతా పనంతా దీంతో సగం తేలికవుతుంది. ఆ అమ్మాయి ట్యూబ్‌లైట్ ఆపింది. సీలింగ్ ఫ్యాను రెక్కలు నీలంగా వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి, మళ్ళీ వెలుగుతున్నాయి. బీరువా అద్దంలో మా బాల్కనీ మొత్తం ఉంది, గదిలోకి వచ్చి కూర్చున్నట్టు. కర్టెన్ వేసే ఉంది, కానీ పలచటిది. మా వైపు నుంచి ముత్యాల సరంలా ఉండే లైట్లు అక్కడి నుంచి చూస్తే వీధిలో అంబులెన్స్ వచ్చి ఆగినట్టున్నాయి. ఇంక వాదించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అవతలివాళ్ళు లోపలికి పిలిచే చనువు లేకపోతే, వాళ్ళ కిటికీ కింద వీధిలో నిలబడి చూసినా చాలావరకు తెలుస్తుంది.

ఇంటికొచ్చి ముందు ఆపాల్సింది మిణుకు. వెలుతురు నిలకడగా ఉంటే కన్ను కాసేపటికి దానికి అలవాటు పడుతుంది. ఆగి ఆగి వెలిగితే అలవాటు పడే సందే ఉండదు. సీరియల్ సెట్‌కి ఉండే చిన్న డబ్బా మీద బటన్ ఉంటుంది కదా, అది నొక్కుతూ పోతే చాలా సెట్లలో ఎనిమిదోది మిణుకు లేకుండా వెలిగే మోడ్.

తర్వాత దిక్కు. మేం సరాలు రెయిలింగ్ బయటివైపు వేలాడదీశాం, వీధిలో వాళ్ళకి కనపడాలని. వాటినే లోపలివైపు కట్టి, వెలుతురు మన గోడ మీద పడేట్టు చేస్తే ఇల్లు పండగలాగే ఉంటుంది, బల్బు మాత్రం ఎవరి కంట్లోనూ పొడవదు. గేటు మీద ఫోకస్ లైట్ ఉంటే దాని మూతి కిందికి వంచండి. ఒక్కోసారి అసలు దొంగ అదే, పేరు మాత్రం సీరియల్ సెట్‌కి వస్తుంది.

రంగు మార్చడానికి డబ్బు కావాలి కాబట్టి దాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేసినా పర్లేదు. కొనేటప్పుడు మాత్రం నీలం, తెల్లటి తెలుపు వదిలేసి వార్మ్ వైట్ అడగండి, ప్యాకెట్ మీద 2700 నుంచి 3000 కె అని ఉంటుంది. నిద్ర పట్టించే మెలటోనిన్‌ని తగ్గించడంలో నీలం వెలుతురే ముందుంటుంది. పసుపు రంగుతో ఇంకో లాభం కూడా ఉంది. వాన వెలిశాక ఉసిళ్ళు తెల్ల లైటుకి వచ్చినంతగా దానికి రావు. మా కింద వాటా మామి ఫిర్యాదు ఆ ఉసిళ్ళ గురించే. “నీ లైటుకి వచ్చి నా సాంబారులో పడుతున్నాయి” అంది ఒక రోజు, గిన్నె చూపించి మరీ. వాన ఆగిన సాయంత్రం ఒక గంట లైట్లు ఆపడంతో ఆ కథ అయిపోయింది.

వాన అన్నాను కాబట్టి ఇది కూడా చెప్తాను. ఇక్కడ దీపావళికి వానలు ఉండనే ఉంటాయి. ఎటూ సరాలు విప్పి కడుతున్నారు కాబట్టి అతుకులు చూసుకోండి. ఇనప రెయిలింగ్‌కి తగిలే చోట ఇన్సులేషన్ ఊడిపోతే పక్కింటివాళ్ళ ఫిర్యాదు దాకా పోదు, షాక్ కొడుతుంది. బయటి సరాలకి ఐపీ65 అని రాసి ఉన్నవి వాడండి, వాన నీళ్ళు లోపలికి పోవని దానర్థం. ఈబీ వాళ్ళ కరెంటు స్తంభానికి కట్టడం మాత్రం వద్దు.

ఫిర్యాదు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో వస్తే అక్కడ జవాబు రాయకండి. ఫోన్ చేయండి, లేదా మెట్లెక్కి వెళ్ళండి. గ్రూప్‌లో ఒకరు “పది తర్వాత చట్టం ఒప్పుకోదు” అంటారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు అన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోది. అది మోతకి, వెలుతురుకి కాదు. తెలిసినా అక్కడ చెప్పకండి. వాదన గెలిచి ఏం చేసుకుంటాం? అసలు లైట్లే వద్దనేవాళ్ళూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళ కిటికీ వైపు సరం తీసేసి, ఆపే టైము ఒకటి చెప్పి, ఆ టైముకి కచ్చితంగా ఆపండి. అంతకు మించి వాళ్ళ కోసం చీకట్లో కూర్చోనక్కర్లేదు.

టైము చెప్పడం సులువే. నిలబెట్టుకోవడంలోనే నా పరువు పోయింది. తొమ్మిదికి ఆపేస్తానని ఆ అమ్మాయికి మాటిచ్చి, మర్చిపోతానేమోనని తిరిగే డయల్ ఉన్న టైమర్ కొన్నాను. చుట్టూ 96 పిన్నులు, ఒక్కోటి పావుగంట. మొదటి రోజు అంతా బాగుంది. రెండో రోజు టైమర్ తనంతట తాను ఆన్ చేసేసరికి డబ్బా మళ్ళీ మొదటి మోడ్‌లోకి పోయి టపటపా మిణకడం మొదలుపెట్టింది. చవక సెట్లలో చాలావాటికి కరెంటు పోయి వస్తే పాత మోడ్ గుర్తుండదు. డబ్బా లేని సరం కొని అది వదిలించుకున్నాను.

మూడో వారం వానకి మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. ఆ డయల్ కరెంటుతోనే తిరుగుతుంది, కాబట్టి అదీ మూడు గంటలు నిద్రపోయింది. మేమూ నిద్రపోయాం. లైట్లు రాత్రి పన్నెండింటికి ఆరాయి. మర్నాడు ఆ అమ్మాయి మొహం చూడాలి! కావాలనే చేశామనుకుంది. టైమర్ ఊడదీసి తీసుకెళ్ళి, గడియారం ముల్లు ఎక్కడుందో చూపించాల్సొచ్చింది. డయల్ టైమర్ వాడితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైము సరిచేయండి. లేదా లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది కొనండి.

నేను పాతదే ఉంచుకుని, ఆమెకి నా నంబర్ ఇచ్చాను. కరెంటు పోయిన రోజు రాత్రి తొమ్మిదింపావుకి ఫోన్ వస్తుంది. హలో కూడా ఉండదు. “అక్కా, లైట్” అంటుంది. వెళ్ళి ప్లగ్ పీకేస్తాను.