మాలిబులో ఒక పూట నడక: సోల్‌స్టిస్ కాన్యన్

లాస్ ఏంజెలస్ ప్రాంతంలో ఉండి కలబాసస్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లేవారు, దర్శనం అయ్యాక అదే దారిలో మాలిబు కాన్యన్ మీదుగా సముద్రం వైపు దిగి, పసిఫిక్ కోస్ట్ హైవేపై కుడివైపు తిరిగి కాస్త దూరం సాగితే, కోరల్ కాన్యన్ రోడ్డులో సోల్‌స్టిస్ కాన్యన్ అనే లోయ ప్రవేశద్వారం కనిపిస్తుంది. పార్కింగ్ స్థలం చాలా చిన్నది కనుక సెలవు రోజుల్లో ఉదయం నడక ముగించుకుని ఆ తరువాతే గుడికి వెళ్లడం మేలు.

వాగు పక్కనే సాగే దారి రానుపోను 3 మైళ్లకు మించదు. పెద్ద ఎత్తులు లేనందున పిల్లలూ పెద్దవారూ సులభంగా నడవగలరు. దారి చివర ఉన్న శిథిలాలు రాబర్ట్స్ కుటుంబానికి 1952లో వాస్తుశిల్పి పాల్ విలియమ్స్ రూపొందించిన ఇంటివి. వాగునూ చెట్లనూ ఇంట్లో భాగం చేసుకున్న ఆ కట్టడం 1982 కార్చిచ్చులో కాలిపోగా, పొయ్యి గూళ్లు, రాతి మెట్లు, పునాదులు మాత్రం మిగిలాయి. నా దృష్టిలో పక్కనున్న చిన్న జలపాతం కంటే ఇవే ఎక్కువ చూడదగినవి. జలపాతం కోసమే వెళ్లదలిస్తే శీతాకాలపు వానలు పడిన కొద్ది రోజులకు వెళ్లాలి, ఎందుకంటే వేసవి చివరికి అది సన్నని ధారగా మారుతుంది.

మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ అనే మొక్క తగిలితే దద్దుర్లు వస్తాయి కనుక దారి విడిచి పొదల్లోకి పోకూడదు.