మున్సిపల్ కార్మికుల అనారోగ్య సెలవుల లెక్క ఎలా చూడాలి?

తెల్లవారుజామున మస్తరు (హాజరు) దగ్గర పారిశుద్ధ్య కార్మికుల్లో ఎవరు రాలేదో రాసుకుంటారు. ఎందుకు రాలేదో ఎవరూ రాయరు. శానిటరీ ఇన్‌స్పెక్టర్లు మొదలుపెట్టాల్సింది అక్కడే.

మస్తరుతో పాటు ఇంకో రిజిస్టర్ తెరవండి. పేరు, వార్డు, చేసే పని (ఊడ్చడమా, కాలువ పూడిక తీయడమా, చెత్త బండి మీదా), రాకపోయిన మొదటి రోజు, తిరిగి చేరిన రోజు, కారణం ఉంటే చాలు. కారణం దగ్గర జ్వరం, దగ్గు-ఆయాసం, నడుం నొప్పి, చర్మ సమస్య, గాయం, ఇతరం అని రాస్తే సరిపోతుంది. రోగం పేరు అక్కర్లేదు. మెడికల్ సర్టిఫికెట్లు వేరే ఫైల్లో పెట్టి బీరువాకి తాళం వేయండి. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టమే చెబుతోంది.

నెలాఖరున రోజులతో పాటు ఎన్నిసార్లు మానేశారో కూడా లెక్కపెట్టండి. దీనికి బ్రిటన్‌లో కొన్ని కౌన్సిళ్లు బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్ వాడతాయి. ఏడాదిలో మానేసిన సార్లను అదే సంఖ్యతో హెచ్చించి, మళ్లీ మొత్తం రోజులతో హెచ్చించాలి. ఒకేసారి 10 రోజులు మానేస్తే స్కోరు 10. అవే 10 రోజులు రెండేసి చొప్పున ఐదుసార్లయితే 250. అలాగని పెద్ద స్కోరు చూసి మెమో ఇచ్చేయకండి. వారం వారం డయాలసిస్‌కి వెళ్లే మనిషికీ పెద్ద స్కోరే వస్తుంది. ఆ అంకె, మనిషిని పిలిచి మాట్లాడటానికి మాత్రమే.

తిరిగి వచ్చిన రోజే పక్కకు పిలిచి అడగండి: "ఇప్పుడెలా ఉందమ్మా? పనిలో ఏమైనా ఇబ్బందిగా ఉందా?" సంజాయిషీ అడిగినట్టు ఉంటే నిజం చెప్పరు. రెండు వారాలు దాటి దగ్గుతుంటే టీబీ ఉందేమో చూడటానికి కళ్లె పరీక్షకి పంపించండి.

అసలు మానేయనివాళ్ల మీదా ఓ కన్నేసి ఉంచాలి. రోజు కూలి పోతుందని అవుట్‌సోర్సింగ్ వాళ్లు జ్వరంతోనే చీపురు పట్టుకుంటారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉండి, ఆరు నెలల కంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజుల చందా పడితే, ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. టీబీ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు, అర్హత ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. మస్తరు దగ్గరే చెప్పండి, కాంట్రాక్టరు చందా కడుతున్నాడో లేదో కూడా చూడండి.

మూడు నెలలకోసారి వార్డులవారీగా చూస్తే, ఒకే వార్డులో నలుగురికి చర్మ సమస్యలో, కాలి గాయాలో కనిపించవచ్చు. అప్పుడు చూడాల్సింది వాళ్ల గ్లవ్స్, బూట్లు. కార్మికులకు ఇవి అందాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పారు. అవి కావాలని వెంటనే ఇండెంట్ పెట్టించండి. సైజులు కొలిచి మరీ రాయండి. ఆడవాళ్లకి పెద్ద బూట్లు వస్తే మూలన పడేస్తారు.