బొమ్మల కార్డు ఇచ్చినా మాట పెగలట్లేదా?

తిరుపతిలో డిగ్రీ చివరి ఏడాది పిల్లలకు ఉద్యోగాల కోసం పరిచయాలు పెంచుకోవడం నేర్పుతుంటాను. క్లాసులో ఆటిజం ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కొత్తవాళ్లతో ఏం మాట్లాడాలో గుర్తుచేసే బొమ్మల కార్డులు మొదట వాళ్ల కోసమే గీశాను. తీరా చూస్తే అందరూ అడిగి తీసుకున్నారు.

సమస్య: క్లాసులో గడగడా అప్పజెప్పినవాడు జాబ్ మేళాలో టేబుల్ ముందు బిగుసుకుపోతాడు.

కారణం: కార్డు మీద బొమ్మ పేరుకే, కిందంతా పేరా. బట్టీ పట్టిన పేరాలో ఒక్క మాట జారితే మిగతాదీ పోతుంది.

పరిష్కారం: నాలుగే బొమ్మలు: జోడించిన చేతులు (నమస్కారం), ఐడీ కార్డు (పేరు, చదువు), ప్రశ్న గుర్తు (ఒక్క ప్రశ్న), ఫోన్ (మళ్లీ ఎప్పుడు మాట్లాడొచ్చు). మెడలో ఐడీ కార్డు వెనక పట్టే సైజులో లామినేషన్ చేయించండి. ఏ4 షీటు పట్టుకుని ఎవరూ మాట్లాడరు.

సమస్య: నమస్కారం అవగానే "జాబ్ ఉందా సార్?"

కారణం: ఎదుటి మనిషి మనసులో ఏముందో పిల్లాడికి తట్టదు.

పరిష్కారం: అమెరికా టీచర్ కరోల్ గ్రే 1994లో ఆటిజం పిల్లల కోసం తెచ్చిన కామిక్ స్ట్రిప్ పద్ధతి. రెండు పుల్లబొమ్మలు గీయాలి. పైకి అన్న మాట బుడగలో, లోపల అనుకున్నది మేఘంలో రాయాలి. మా చంద్రగిరి అబ్బాయి తన బుడగ నింపి, అవతలి మేఘం ఖాళీగా వదిలేశాడు. అందులో నేను "ఉద్యోగం ఇచ్చేది నేను కాదే, ఏం చెప్పను?" అని రాస్తే నవ్వేశాడు. తన బుడగ తనే కొట్టేసి, "రేణిగుంటలో మీ కంపెనీలో కొత్తవాళ్లకు మొదట ఏం పని ఇస్తారన్నా?" అని రాసుకున్నాడు. దీనికైతే ఎవరైనా పది నిమిషాలు చెబుతారు. ఆఫీసులో 'సార్', ఊరివాళ్లయితే 'అన్నా'. అదీ బుడగలోనే రాయించండి.

సమస్య: "మాకెవరూ తెలీదు సార్."

కారణం: పరిచయమంటే పెద్ద ఆఫీసరే అనుకోవడం.

పరిష్కారం: ఉల్లిపాయ పొరల్లా మూడు గుండ్రాలు: ఇల్లు, వీధీ కాలేజీ, వాళ్లకు తెలిసినవాళ్లు. పెన్సిల్‌తో పేర్లు రాయించండి. ఒకమ్మాయికి ఇలాగే దొరికాడు, శ్రీసిటీలో పనిచేసే మనిషి. వాళ్లింటి కింది పోర్షన్‌లో అద్దెకుండే ఆయన తమ్ముడే!

సమస్య: కార్డు లేనిదే నోరు తెరవరు.

కారణం: మనమే. ఇచ్చాం, తీయడం మరిచాం.

పరిష్కారం: వారానికో బొమ్మ కనపడకుండా దాని మీద స్టిక్కర్ అంటించండి. కొందరికి కార్డు ఎప్పటికీ కావాలి, లాక్కోకండి. అలాంటివాళ్లకు ఆ నాలుగు బొమ్మలూ ఫోన్ లాక్ స్క్రీన్ మీద పెట్టించాను. ఫోన్ చూసుకునేవాణ్ని ఎవరు పట్టించుకుంటారు!