‘మీరెవరి తాలూకండీ?’: డెల్టాకి ఫీల్డ్‌వర్క్‌కి వచ్చే మన పిల్లలకు

పర్యావరణ పరిరక్షణలో మనుషుల వైపు చదవడానికి విదేశాలకు వెళ్లి, థీసిస్ కోసం మళ్లీ గోదావరి డెల్టాకే వచ్చే తెలుగు పిల్లలు ఏటా ఒకరిద్దరు నాకు తగులుతుంటారు. అమ్మమ్మగారి ఊరు ఎటూ ఉంది, తెలుగు ఎటూ వచ్చు, ఇంకేం కావాలన్న ధీమాతో దిగుతారు. నేనూ అలాగే దిగాను. బయట రెండేళ్లు చదివి, ఇరవై రెండు పేజీల ప్రశ్నావళి పట్టుకుని సొంత జిల్లాకి వచ్చి, మొదటి నెలంతా బోర్లా పడ్డాను.

విసుగే అయినా కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుంది కదా అని పనిలోకి దిగిపోకండి. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ వాళ్లు పరిశోధన చేయాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. చుట్టాలింటికి రావడం వేరు, ఇది వేరు. కోరింగ మడ అడవులు 1978 నుంచి అభయారణ్యం, కాబట్టి అక్కడ పని చేయాలంటే అటవీ శాఖ అనుమతి కూడా కావాలి. బోటు షికారు టికెట్టు కొనుక్కుని వెళ్లి లోపల లెక్కలు రాసుకుంటానంటే కుదరదు. యానాం డెల్టా మధ్యలోనే ఉన్నా పుదుచ్చేరి కిందది, దాని లెక్కలు ఆంధ్ర కాగితాల్లో దొరకవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గనక పాత తూర్పు గోదావరి అంకెల్ని కొత్త కోనసీమతో పోల్చేముందు మండలాల దాకా దిగి చూసుకోండి.

ఇక ఊళ్లోకి. మిమ్మల్ని మొట్టమొదట అడిగేది మీ టాపిక్కు కాదు. ‘మీరెవరి తాలూకండీ?’ అని అడుగుతారు. దీన్ని మర్యాద పలకరింపుగా తీసుకుని నవ్వేసి దాటేయకండి. మీరు చెప్పే ఇంటిపేరును బట్టి మీకు ఏం చెప్పాలో, ఏం దాచాలో అక్కడికక్కడే తేలిపోతుంది. నేను మా మావయ్య పేరు చెప్పాను. ఆయన తన నాలుగెకరాలు రొయ్యల చెరువుకి కౌలుకిచ్చాడని నాకు అప్పటికి తెలియదు. ఆ పక్క చేను రైతు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చి, గంటసేపు వర్షాల గురించే మాట్లాడాడు. చెరువు మాట ఎత్తలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు నన్ను చేలోకి తీసుకెళ్లాడు. చేలోకి నీళ్లొచ్చే బోదె దగ్గర వంగి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడు. తుపుక్కున ఊసి, ‘రాత్రి వదిలేశారండీ’ అన్నాడు. చెరువులో నీళ్లు మురుగు కాలువలోకి వదిలితే అవి ఎదురెక్కి తన బోదెలోకి వస్తున్నాయి. ఉప్పు ఎంత ఉందో కొలిచే మీటరు నా సంచిలో ఉంది, బయటికి తీయడానికి సిగ్గేసింది. నా ప్రశ్నావళిలో ‘మీ ప్రాంతంలో ప్రధాన పర్యావరణ సమస్య ఏది?’ అని ఒక ప్రశ్న ఉంది. దానికి ఆ రైతు ఇచ్చిన జవాబు: ‘ఏం లేదండీ, బానే ఉంది.’

పర్యావరణం అన్న మాట ఇక్కడ ఎవరూ వాడరు. పర్యావరణం అంటే ఇస్కూల్లో మొక్కలు నాటే రోజు. జనం మాట్లాడేది నీళ్ల గురించి, గట్టు కోత గురించి, మురుగు లాగకపోవడం గురించి, కౌలు గురించి. శివారు అంటే కాలువ చివరి పొలాలు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తగ్గితే వంతులవారీ పెడతారు, ఆ వంతు శివారుకి వచ్చేసరికి ఏం మిగులుతుందో అడగండి. ఉమ్మడి వనరుల్ని జనమే కట్టుబాట్లతో నడుపుకోగలరని చెప్పి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్‌ని మీరు క్లాసులో చదివే ఉంటారు. ఆవిడ చెప్పింది ఇక్కడ కాలువ నీళ్లను ఆపి వదిలే లాకుల దగ్గర అర్ధరాత్రి తగువుల్లో కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ నేల బతుకు కాలువల మీదే. కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ, శివారు రైతుకి ఆ విగ్రహం మీద ఏమనిపిస్తుందో అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

కౌలు దగ్గర కాస్త జాగ్రత్త. చాలా కౌళ్లు నోటిమాట మీదే నడుస్తాయి. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి కార్డు కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు, లేదంటే మీ ఊళ్లోనే, అంటే డాలస్‌లో. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చదువుకుని రండి, కానీ అంతకంటే ముందు ఇంట్లో ఫోన్ చేసి మన పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, వరా చెరువా అని అడగండి. ఆ జవాబు మీ థీసిస్‌లో మొదటి పేజీలోనే ఉండాలని నా పట్టుదల. గైడ్లు ఒప్పుకోకపోవచ్చు.

మొదటి టీ ఏ అరుగు మీద తాగారో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని మొదటిరోజే పేటకి, అంటే దళితవాడకి కూడా వెళ్లండి, అక్కడా టీ తాగండి. వారం తర్వాత వెళ్తే మీరు ఎవరి మనిషో అప్పటికే రాసేసుకుంటారు. రొయ్యల షెడ్లలో తలలు తీసే ఆడవాళ్లతో మాట్లాడాలంటే షెడ్డు దగ్గర కాకుండా, పని దిగి ఇంటికొచ్చాక, మేస్త్రీ లేనప్పుడు కలవండి. వాళ్ల వేళ్లు ఐసులో నాని ఉంటాయి, సంతకం పెట్టమని కాగితం చేతికివ్వకండి, చదివి వినిపించి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోండి.

సంవత్సరాలు అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. 86 వరదకి ముందా తర్వాతా, పాశర్లపూడి మంట అప్పుడా, 96 తుపానుకి ఈ చెట్లున్నాయా అని అడిగితే చకచకా చెప్తారు. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి రెండు నెలలకు పైగా తగలబడింది. ఆ వెలుగులో రాత్రి ఏం చేసేవారో చెప్పే మనుషులు ఇంకా ఉన్నారు. 1996 నవంబర్ తుపాను ఊసెత్తితే మాత్రం పెన్ను పక్కన పెట్టి వినండి. కొందరి ఇళ్లలో అది చావుల లెక్క.

జూలై, ఆగస్టుల్లో ఏటి మధ్య లంకల్లో పని పెట్టుకోకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది ఇచ్చారంటే సామాను సర్దుకుని ఏటిగట్టు ఇవతలకి వచ్చేయండి. కాలువలు ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు. తాగునీటి కష్టం చూడాలంటే ఆ మధ్యలోనే రావాలి, ఎండ సంగతి మీరే చూసుకోవాలి. సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లి రేవులోనో పంటు (బల్లకట్టు) దాటేటప్పుడు ఆఖరిది ఎన్నింటికో అడిగి పెట్టుకోండి. నేనొకసారి అడగలేదు, తెల్లవార్లూ దోమలతో గడిపాను.

వెళ్లిపోయేముందు రాసింది తెలుగులో నాలుగు పేజీలు చేసి ఊళ్లో చదివి వినిపించండి. నేను చదివినప్పుడు ఆ బోదె రైతు కళ్లజోడు పెట్టుకుని మ్యాపు ఒక్కటే చూశాడు. మురుగు కాలువ పేరు తప్పు వేశానన్నాడు. పెన్ను అడిగి తీసుకుని కొట్టేసి రాశాడు. తర్వాత మా మావయ్య పొలం దగ్గర వేలు పెట్టి, ‘ఇది కూడా వేశారు. మంచిదే’ అన్నాడు.