ఫోన్ మోగేలోపు

"అయ్యగారు వచ్చారమ్మా."

డైలాగు ఇంతే. తమిళం నుంచి తెలుగులోకి వస్తున్న సీరియల్లో పనిమనిషి పాత్ర. చెన్నై సాలిగ్రామంలో ఒక డబ్బింగ్ థియేటర్. 23 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, ఆ రెండు మాటలకి 11 టేకులు తిన్నాను. తెర మీద అమ్మాయి పెదవులు చివర్లో మూసుకునే చోట నా 'మ్మా' పడాలి. ఒకసారి ముందు పడింది, ఒకసారి వెనక పడింది, ఒకసారి గొంతే రాలేదు. అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీర్ కుర్రాడు, "అక్కా, ఒక టీ సాప్టుట్టు రండి" అన్నాడు, సగం తమిళంలో. మర్యాదగానే అన్నాడు పాపం. అదే ఇంకా గుచ్చుకుంది.

టీ కొట్టు దగ్గర నిలబడితే చేతులు వణుకుతున్నాయి. భయం సరే. దాని వెనకే ఇంకోటి వచ్చింది: రేపటి నుంచి నన్ను పిలవకపోతే నేనేం చేయగలను? దాని వెనక మూడోది, అన్నిటికంటే చల్లగా: అసలు ఆ డైలాగు బాగా చెప్తే మాత్రం ఎవరికి ఒరిగేదేముంది?

తర్వాత ఏడాదిన్నరలో నా రోజుని మార్చుకున్న పద్ధతులు ఇవి. మా థియేటర్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయి, "అక్కా, పొద్దున్నించి ఏం చేస్తావో రాసి పంపు" అని పట్టుబడితే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు.

ముందు ఒక విషయం. మా వృత్తిలో రోజు ఫోన్ మోగితేనే మొదలవుతుంది. తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్‌కి సర్దుకున్నాక, నేను 2001లో తెనాలి నుంచి వచ్చేసరికి మాకు ఇక్కడ మిగిలింది ఎక్కువగా డబ్బింగే. ఇన్‌చార్జ్ ఫోన్ చేసి "పదింటికి రండమ్మా" అంటే ఆ రోజు ఉంది, లేకపోతే లేదు. అలా ఇరవై ఏళ్లు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను. అర్థం లేదనిపించడం, చేతకానిదాన్ననిపించడం, మైకు ముందు వణుకు, ఈ మూడూ ఆ ఎదురుచూపులోనే పెరిగాయని నా నమ్మకం. మీది డబ్బింగ్ కాకపోవచ్చు. ఇక్కడి ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే మీ ఫోన్ మేనేజర్ మెసేజ్. చదువుకుంటుంటే రిజల్టు. పిల్లలు విదేశాల్లో ఉంటే వాళ్ల వీడియో కాల్. ఏదైనా సరే, అది మోగేలోపు మన వాటా పని కొంత అయిపోయి ఉండాలి. నేను చేసేదంతా దీని చుట్టూనే.

రాత్రి ఫోన్ వంటింట్లో బియ్యం డబ్బా మీద పెడతాను. పడకగదిలోకి రానివ్వను. అలారం కోసం అనే సాకు లేకుండా రంగనాథన్ వీధిలో ఒక గడియారం కొన్నాను, దాని మోత వింటే పక్కింటివాళ్లు కూడా లేస్తారు. ఐదున్నరకి లేస్తే ఏడింటి వరకు ఫోన్ ముట్టను. మొదటి వారం చెయ్యి దానంతటదే బియ్యం డబ్బా వైపు వెళ్లేది. ఆ చేతికి వేరే పని ఇవ్వాలి. నేను కాఫీ ఫిల్టర్ కడుగుతాను. "అర్జెంటు ఫోన్ వస్తేనో" అంటారా? అర్జెంటు అయితే మోగుతుంది, వంటిల్లు ఎంత దూరం!

ఇక అర్థం సంగతి. దీని గురించి కూర్చుని ఆలోచిస్తే తేలేది కాదు. నేను ఆలోచించి చూశాను, ఆర్కాట్ రోడ్డు ట్రాఫిక్‌లో బండి ఇరుక్కున్నట్టు అక్కడే ఉంటాం. వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. బతుక్కి అర్థం వెతుక్కోవడం మీద నడిచే ఆయన పద్ధతిని లోగోథెరపీ అంటారు. ఆయన చెప్పినదాంట్లో నాకు పనికొచ్చిన ముక్క ఒకటి: బతుక్కి అర్థమేమిటని మనం అడగడం కాదు, బతుకే మనల్ని అడుగుతోంది, జవాబు చేతల్లో చెప్పాలి. పెద్ద మాటే. నేను దాన్ని మా అపార్ట్‌మెంట్ సైజుకి కుదించుకున్నాను: ఈ రోజు నా గొంతు అవసరమైన మనిషి ఒకరు ఎవరు?

కింద ఫ్లాట్‌లో ఒక మామ్మగారు ఉంటారు, తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. రెండు కళ్లకీ శుక్లాలు. షుగరు అదుపులోకి వస్తే గానీ ఆపరేషన్ చెయ్యం అన్నారు. పేపరు చదవలేక విలవిల్లాడుతుండేవారు. ఆరింటికి వెళ్లి ఆవిడకి పేపరు పైకి చదవడం మొదలుపెట్టాను, ఇరవై నిమిషాలు. ఆ వేళకి కొత్త పేపరు రాదు కాబట్టి నిన్నటిదే. ముందు కాసు బంగారం ధర, తర్వాత తెనాలి, గుంటూరు వార్తలు, ఆ తర్వాత చనిపోయినవాళ్ల ఫొటోలు. ఇదీ ఆవిడ వరస. నేను ఒత్తు మింగేస్తే పట్టుకుంటారు: "అమ్మాయ్, 'ప్రబుత్వం' కాదు, 'భ'. పొట్టలోంచి రావాలి." థియేటర్‌లో ఇరవై ఏళ్లలో ఎవరూ పట్టించుకోని 'భ' అది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఈ పని చిన్నదిగా ఉండాలి, రోజూ ఉండాలి, ఎదుటి మనిషి కనబడాలి. నేను ముందు అనాథ పిల్లలకి నెలకోసారి కథలు రికార్డు చేసి పంపాలని బ్రహ్మాండమైన ప్లాన్ వేశాను. రెండు నెలల్లో మూలపడింది. వినేవాళ్ల మొహం కనబడకపోతే అదీ ఇంకో మైకే. మీకు మామ్మగారు లేకపోతే వాచ్‌మన్ కొడుక్కి ఎక్కాలు చెప్పండి, మీ వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకి బ్యాంకు ఫారం నింపిపెట్టండి. సెల్ఫీ మాత్రం తీసుకోకండి, తీసుకుంటే అది వేరే పని అవుతుంది.

ఇరవై రూపాయల నోటుబుక్ ఒకటి పెట్టుకోండి. పేజీ మధ్యలో గీత. ఎడమ పక్క నా చేతిలో లేనివి, కుడి పక్క అదే విషయంలో నా చేతిలో ఉన్న ముక్క. నా పేజీ ఒకటి చూడండి. ఎడమ: మూడు నెలల పేమెంట్ ఆగిపోయింది. కుడి: ఏ తేదీన ఎన్ని ఎపిసోడ్లు చెప్పానో లిస్టు రాసి, శుక్రవారం ఒక్కసారి మెసేజ్ పెట్టాలి. ఎడమ: కంప్యూటర్ గొంతులు వస్తున్నాయి, మమ్మల్ని తీసేస్తారు. కుడి పక్క రెండు రోజులు ఖాళీగానే ఉంది. మూడో రోజు రాశాను: ముసలివాళ్ల గొంతు, దగ్గుతో, నవ్వుతో, రోజూ పది నిమిషాలు సాధన. దాంతో కంప్యూటర్ ఆగిపోదు, నాకు తెలుసు. కానీ ఆ రోజు నేను ఆగిపోలేదు.

ఎడమ పక్కకి కుడి పక్క ఎప్పుడూ సరిపోదు. పేమెంట్ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే, సగమే వచ్చింది. అయినా కుడి పక్క రాయాలి, ఎందుకంటే 1967లో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల గురించి చదివాను. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత దారి తెరిచినా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది. నిస్సహాయతని అవి నేర్చుకున్నాయని అప్పుడు అనుకున్నారు. దాదాపు యాభై ఏళ్లకి, 2016లో, ఆ ఇద్దరే మాట మార్చారు: దెబ్బ మీద దెబ్బ పడితే ముడుచుకుపోవడం మెదడుకి పుట్టుకతో వచ్చిందే, నేర్చుకునేది 'నేను చేస్తే జరుగుతుంది' అన్న రెండోదాన్ని. నేర్చుకునేదైతే రోజూ అభ్యాసం కావాలి కదా, సరిగమల్లాగా. అందుకే కుడి పక్క ఎంత చిన్నదైనా రాసి, చేసి, టిక్కు పెట్టాలి. టిక్కు ముఖ్యం.

మైకు భయం గురించే ఎక్కువ అడిగింది ఆ అమ్మాయి. ఇంటర్వ్యూ అయినా, ఆఫీసులో పీపీటీ అయినా, కచేరీ అయినా ఇదే వణుకు. లారెన్స్ ఒలివియర్ అంతటి నటుడికే యాభై దాటాక రంగస్థలం మీద భయం పట్టుకుంది. అనుభవం పెరిగితే పోతుందనుకోకండి. పోగొట్టుకోవడం మానేసి దానికో పని చెప్పడం మేలు.

గుండె దడకి ఊపిరే తాళంచెవి. నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, వేగస్ నరం చేసే పని అది. వదిలేటప్పుడు నోరు మూసి 'మ్' అని సన్నగా అంటే గొంతు కూడా వేడెక్కుతుంది. కానీ భయం వేసినప్పుడు మాత్రమే చేస్తే అంతగా పని చెయ్యదు. మంట లేచాక బావి తవ్వినట్టే. నేను బస్టాపులో చేస్తాను, కుక్కర్ మూడో కూత వచ్చేలోపు చేస్తాను. థియేటర్‌లో అయితే బూత్ బయటే చేయాలి, మైకు ఊపిరి కూడా పట్టేస్తుంది.

నాలుక ఎండిపోతే గోరువెచ్చని నీళ్లు. మైకు ముందుకో ఇంటర్వ్యూకో వెళ్లే రోజు పొద్దున్న రెండో కాఫీ వద్దు. నాకు ఆ 11 టేకుల రోజున మూడు కాఫీలు పడ్డాయి.

"భయం లేదు, భయం లేదు" అని జపించకండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ, 2014లో అచ్చయిన తన అధ్యయనంలో, పరాయివాళ్ల ముందు పాట పాడబోయేవాళ్లలో కొందరి చేత "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అనిపించారు. "కంగారుగా ఉంది" అన్నవాళ్ల కంటే వాళ్లు బాగా పాడారు. దడ రెండిట్లోనూ ఒకటే, పేరే వేరు. "ఉత్సాహంగా ఉంది" అంటే నాకు ఆహ్వాన పత్రిక చదువుతున్నట్టుంటుంది. నేను "ఊపు మీదున్నా" అంటాను, మెట్ల మీద, ఎవరూ లేనప్పుడు. మీ ఊరి మాట మీరు వెతుక్కోండి.

సాధన చేసేటప్పుడు కూడా చాలామంది సుఖంగా చేస్తారు, మంచం మీద కూర్చుని, ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టుకుంటూ. అసలు రోజున అలా ఉండదు కదా. వారానికి రెండుసార్లు నేను నిలబడి, చెప్పులేసుకుని, మా అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టి, ఒకే టేక్ అని పందెం వేసి చెప్తాను. వాడు కావాలని ఆవలిస్తాడు. తప్పు పోయినా ఆపకూడదు, తప్పు మీదుగా దాటి చివరి దాకా వెళ్లాలి. థియేటర్‌లో నన్ను ముంచింది మొదటి తప్పు కాదు, దాన్ని తలుచుకుంటూ చెప్పిన తర్వాతి పది. ఇంకోటి: చెప్పేటప్పుడు నా గొంతు ఎలా ఉందా అని వినడం మానేసి, తెర మీద మనిషి పెదవుల్ని మాత్రమే చూస్తాను. ఇంటర్వ్యూ అయితే అడిగినవాళ్ల ప్రశ్నని చూడండి.

ఇంటికొచ్చాక నోటుబుక్‌లో మూడు లైన్లు, విశేషణాలు లేకుండా. "దరిద్రంగా చెప్పాను" అని రాయకూడదు. "11 టేకులు. నాలుగింట్లో మాట లిప్ కంటే ముందు పడింది. మూడు కాఫీలు." అలా రాస్తే రేపు ఏం మార్చాలో కనబడుతుంది. రాశాక పుస్తకం మూసెయ్యాలి, పక్క మీద పడుకుని మళ్లీ టేకులు చెప్పుకోవడం లేదు. భోజనం అయ్యాక లోపలి వీధుల్లో అరగంట నడుస్తాను. ఆర్కాట్ రోడ్డు మీద దుమ్ము, అటు వెళ్లను.

వీటితో లొంగనిది కూడా ఉంటుంది. రెండు వారాలు దాటినా దేని మీదా మనసు పోకపోవడం, నిద్రా తిండీ చెడటం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. టెలీ మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ టీ కొట్టు రోజు తర్వాత నేనూ ఒక డాక్టరమ్మని నాలుగుసార్లు కలిశాను. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. గొంతు డాక్టర్ అనుకుంటోంది.

చివరిగా ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "మరి ఆ మామ్మగారికి నీతో అవసరం తీరిపోతే ఏం చేస్తావక్కా?" అని. తీరిపోయింది. పోయిన నెల రెండో కంటికీ ఆపరేషన్ అయిపోయింది. కొత్త కళ్లజోడుతో అక్షరం అక్షరం చదివేస్తున్నారు. నేను ఇంకొకరిని వెతుక్కోవాలనుకుంటూనే, చెప్పి వద్దామని ఆరింటికి వెళ్లాను. పేపరు మడతపెట్టి నా కుర్చీ మీద ఉంది.

"కళ్లు బాగయ్యాయి కదా మామ్మగారూ."

"బాగానే కనబడుతోంది. నిన్న నేనే చదువుకున్నాను, కాసు ధర చూస్తే గుండె జారిపోయింది. నువ్వు చదువు, నీ నోట కాస్త తగ్గినట్టుంటుంది."