బటన్ నొక్కి పట్టుకుంటే అన్నీ ఎఫ్‌లేనా?

ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో రిమోట్ సంకేతాలు చదివే ఐఆర్‌రిమోట్ లైబ్రరీ వాడేటప్పుడు, రిమోట్ బటన్ నొక్కి పట్టుకుంటే అసలు కోడ్ తర్వాత వరసగా ఎనిమిదేసి ఎఫ్‌లు (FFFFFFFF) వస్తున్నాయా? రిసీవర్ పోయిందని టెన్షన్ పడకండి (నేను ఒకటి అనవసరంగా మార్చేశాను). ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతిని వాడే రిమోట్లు అసలు కోడ్‌ను ఒక్కసారే పంపి, బటన్ వదిలేదాకా సుమారు 108 మిల్లీసెకన్లకోసారి ‘మళ్ళీ అదే’ అనే చిన్న సంకేతం పంపుతాయి. లైబ్రరీ పాత వెర్షన్లు దాన్నే ఎఫ్‌లుగా చూపిస్తాయి. చివరి అసలు కోడ్‌ను ఒక వేరియబుల్‌లో దాచుకుని, ఎఫ్‌లు వచ్చినప్పుడు దాన్నే వాడండి. వాల్యూమ్‌కు ఇది బాగుంటుంది. ఆన్-ఆఫ్ బటన్‌కైతే ఎఫ్‌లను వదిలేయండి, లేకపోతే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కొత్త వెర్షన్లలో రిపీట్‌కు విడిగా ఫ్లాగ్ (ఇది రిపీటా కాదా అని చెప్పే గుర్తు) ఉంది, అది చూస్తే చాలు. అన్నట్టు, కోడ్ చదివిన ప్రతిసారీ రెజ్యూమ్ ఫంక్షన్‌ను పిలవాలి. మర్చిపోతే రెండో నొక్కు అందనే అందదు.